కందికోతల్లో రక్తపింజర

పాముల గురించి పాఠం చెప్పడం మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్ళయింది. తెనాలిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. మా ల్యాబులో నాలుగు గాజు సీసాలున్నాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఫార్మలిన్‌లో నాని నాని నాలుగూ ఒకే తెలుపుకు వచ్చేశాయి. ఏది ఏదో తెలియాలంటే చీటీ చదవాల్సిందే. వీటిలో ఒక్కటి కూడా ప్రాణంతో, తన చోట తాను తిరుగుతుండగా నేను చూడలేదు. ఆ మాట ఎవరికైనా చెప్పాలంటే సిగ్గుగా ఉండేది.

నా పాత విద్యార్థిని సువార్త గిద్దలూరు దగ్గర ప్రభుత్వ నర్సుగా పనిచేస్తోంది. పుట్టిన ఊళ్ళోనే కాపురం. మొన్న డిసెంబరులో ఫోన్ చేసి, కందికోతలు మొదలవుతున్నాయి, మా ఊరి ఆడవాళ్ళకు పాముల గురించి నాలుగు మాటలు చెప్పి పోండి మేడం అంది. దారిలో మార్కాపురం, పెద్దారవీడు, కంభం కూడా చూపిస్తానంది. నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఆరు రోజులు పట్టింది.

కురిచేడు దాటాక

వినుకొండలో ఒక పెద్దావిడ రైలెక్కి నా పక్కన కూర్చుంది. వేరుశనక్కాయలు ఉడకబెట్టి తెచ్చుకుంది. అడక్కుండానే నా ఒళ్ళో దోసెడు పోసి ఎక్కడికని అడిగింది. పాములు చూడ్డానికి అన్నాను. ఆవిడ నమలడం ఆపేసింది.

"పేరు పెట్టి అనగూడదు తల్లీ, పురుగు అనాల" అని మెల్లగా దిద్దింది.

మా వైపు కూడా పురుగనే అంటారు గానీ చీకటి పడ్డాకే. ఇక్కడ పట్టపగలు, కదిలే రైల్లో కూడా అదే మర్యాద. కరిచింది అని కూడా అనరట, ముట్టింది అంటారు. కురిచేడులో దిగిపోతూ ఆవిడ మిగిలిన కాయలన్నీ నా సంచిలో వేసేసింది. కురిచేడు దాటాక పొలాల రంగు మారింది. వరి పచ్చదనం పోయి ఎర్రనేల, మిరప, ఎండిన కంది. మార్కాపురం రోడ్డు స్టేషనులో సువార్త స్కూటీ పక్కన నిలబడి ఉంది. మా క్లాసులో చివరి బెంచీలో కూర్చుని నోరు మెదపని పిల్ల. ఇప్పుడు ఆటోవాళ్ళంతా ఆమెకు దారిస్తున్నారు.

పలకల గుట్టల మీద

మనమంతా అ ఆలు దిద్దిన పలకలు మార్కాపురం రాతివే. ఇప్పుడు బడి పలకలు తగ్గి, గోడలకూ నేలకూ వేసే బిళ్ళలు కోస్తున్నారు. పనికిరాని ముక్కలన్నీ ఊరి బయట నల్లటి గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ గుట్టల్లో మంచి ముక్కలు ఏరే కోటమ్మ దగ్గరికి సువార్త నన్ను తీసుకెళ్ళింది. నలభై ఏళ్ళుంటాయి. చేతుల నిండా బూడిదరంగు పొడి.

కోటమ్మ పలక ఎత్తే తీరు చూడాల్సిందే. ఇనుప కొక్కెంతో అవతలి అంచు పట్టి తన వైపుకు లేపుతుంది. పలక ఆమెకూ కింద ఉన్నదానికీ మధ్య తలుపులా నిలబడుతుంది. దాని పైనుంచి తొంగి చూస్తుంది. ఎవరు నేర్పారంటే, వాళ్ళమ్మ అంది.

పదో పన్నెండో పలకల తర్వాత ఆమె చెయ్యి పైకెత్తింది. మేమిద్దరం ఆమె వెనక్కి చేరాం. జానెడున్నర పొడవుండే చిన్న పింజర, మట్టి రంగు, వీపు మీద తెల్లటి గుర్తులు. ఒళ్ళు మెలికలు చుట్టి పొలుసులు ఒకదానికొకటి రాసుకుంటోంది. కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చప్పుడు. నోటితో కాదు, ఒంటితో చేసే చప్పుడు అది. ఎన్నిసార్లు బోర్డు మీద రాసి ఉంటానో. వినడం మాత్రం అదే మొదలు. ఇంకా బాగా చూడాలని పక్కకు జరిగి, కాలు జారి పలకల మీద చతికిలపడ్డాను. చీర మోకాలి దగ్గర చిరిగింది.

కోటమ్మ పలకను ఎలా లేపిందో అలాగే దించింది. చంపవా అంటే, చంపితే రేపు ఇంకొకటి ఉంటాది, రోజుకు ఎన్నింటిని చంపేది అంది. తర్వాత నన్ను గుడిసె చాటుకు పిలిచి సూదీ దారం ఇచ్చింది. నేను చీర కుట్టుకుంటుంటే టీ పెట్టింది. తెనాలిలో ఎవరింటి పెరట్లో పాము కనిపించినా వీధి వీధంతా తలుపులేసుకుని పట్టేవాడికి ఫోన్ చేస్తాం. ఇక్కడ ఆమెకూ దానికీ ఒకటే గుట్ట. మధ్యలో ఒక పలక.

పెద్దారవీడు మేకలు, కంభం చేపలు

రెండో రోజు పెద్దారవీడు దాటి, నల్లమల అంచున మేకలు కాసే చెన్నయ్యతో సగం రోజు నడిచాం. ఆయన కాళ్ళకు టైరు చెప్పులు, చేతిలో తనకంటే పొడుగు కర్ర. పొద దగ్గరికి వస్తే కర్రతో నేల మీద రెండు దెబ్బలు కొట్టి ఆగుతాడు. ఆ తర్వాతే అడుగు. మధ్యాహ్నం సజ్జరొట్టె, ఊరిబిండి పెట్టాడు. ఊరిబిండి అంటే వేరుశనగలూ పచ్చిమిరపకాయలూ కలిపి రోట్లో నూరిన పచ్చడి. నాకు కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. ఆయన మేకపాలు పిండి చేతికిచ్చాడు. నలభై ఏళ్ళలో ఎన్ని పురుగులు చూశావు చెన్నయ్యా అంటే, అవి నన్ను ఎన్నిసార్లు చూసినాయో అది చెప్పలేను గదమ్మా అన్నాడు.

కంభం చెరువు దగ్గర నా పరువు పోయింది. కట్ట దిగువన పొలం గట్టు మీద మనిషి నిలువంత పొడవు పాము ఒకటి సర్రున పోతుంటే, నాగుపాము, ఎవరూ కదలకండి అని గట్టిగా అరిచాను. రోడ్డు పక్కన చేపలు వేయిస్తున్న ఆమె బాణలి మీంచి కన్నెత్తి చూసి, జెర్రిపోతు అని చెప్పి మళ్ళీ చేపలు తిప్పుకుంది. సువార్త అటు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. జువాలజీ మేడమని ఆమెకు చెప్పొద్దని బతిమాలాను. ఆ చేపలు మాత్రం కాగితం మీద ఉప్పు, కారం, నిమ్మకాయతో పెడితే ఇద్దరం మూడుసార్లు అడిగి తిన్నాం.

సువార్త వాళ్ళ ఊరు

గిద్దలూరు దాటి సువార్త ఊరికి చేరేసరికి క్రిస్మస్ సందడి. సగం ఇళ్ళ మీద కాగితం నక్షత్రాలు. చిన్న చర్చి హాల్లో చాపలు పరిచారు. క్రైస్తవులు, కాపులు, గొర్రెలవాళ్ళు అన్న తేడా లేకుండా ముప్పై మంది ఆడవాళ్ళు పని నుంచి నేరుగా వచ్చి కూర్చున్నారు. నేను చార్టులు గోడకు తగిలించి మాట్లాడాను. తలలు ఊపారు. నాకు బాగానే చెప్పాననిపించింది.

అప్పుడు ముందు వరసలో ఉన్న ఒకామె లేచింది. పొడగరి, చెంపలు గుంతలు పడేలా నవ్వే మనిషి. పేరు లక్షుమమ్మ. సువార్తకు పక్కింటి పిన్నమ్మ.

"చెప్పిందంతా బాగుంది మేడమ్మా. కందిలో ఆకు రాలి మడమల దాకా పరుచుకోనుంటాది. చూసి అడుగెయ్యమంటాండారు. యాడ చూసేది?"

 నాకూ తెలియదనే చెప్పాను. అయితే రేపు మా చేనికి రా, వచ్చి చూసి చెప్పు అంది. హాలంతా నవ్వింది. రాత్రి భోజనం వాళ్ళింట్లోనే. సంగటి, పచ్చి కందికాయల కూర. ఆమె భర్త ఓబులేసు మాట తక్కువ మనిషి. వడ్డించడం మాత్రం ఆయనే.

కందిచేలో

నాలుగో రోజు పొద్దున ఎనిమిది గంటలకు చేలో ఉన్నాం. ఆడవాళ్ళు ఏడుగురు వరసగా వంగి కంది మొదళ్ళు కోస్తున్నారు. రాలిన ఆకు నిజంగానే మెత్తటి పరుపులా ఉంది. మంచుకు తడిసి, పైపైన ఎండ తగులుతోంది. నేను గట్టు మీద నిలబడి ఆకు రంగు చూస్తున్నాను. పసుపు, గోధుమ, మధ్యలో నల్లటి మచ్చలు. రక్తపింజర వీపు కూడా సరిగ్గా ఇదే రంగు అనుకుంటున్నాను.

కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్ద బుస వినబడింది. లక్షుమమ్మ అరవలేదు. కొడవలి కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేసి కూర్చుంది. కుడి పాదం పక్కన రెండు చుక్కలు. ఆకుల్లో గొలుసు మచ్చల లావుపాటి ఒళ్ళు ఒక్క క్షణం కనబడి మాయమైంది. ఇన్నేళ్ళుగా చూడాలనుకున్న పాము అది. నేను దాని వెంట చూడలేదు. ఆమె మొహం చూస్తున్నాను.

సువార్త వరసల్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను చీర కొంగు చింపి పిక్క మీద గట్టిగా కట్టబోయాను. నా చెయ్యి పట్టి ఆపింది.

"కట్టొద్దు మేడం. కడితే కాలు చెడిపోతాది."

క్లాసులో కట్టమని చెప్పింది నేనే. ఆ పిల్ల నా దగ్గరే రాసుకుంది. ఇప్పుడు నోట్సు చూసుకునే వేళ కాదు. నేను చెయ్యి తీసేశాను. సువార్త కోయలేదు, కట్టలేదు, నోరు పెట్టలేదు. రెండు కంది కట్టెలు కాలికి అటూ ఇటూ పెట్టి తువ్వాలుతో వదులుగా చుట్టింది. పిన్నమ్మా నడవొద్దు, ఏమీ కాదు, మందుంది అని ఒకటే గొంతుతో చెబుతూనే ఉంది. తర్వాత మెట్టెలు తియ్యబోయింది. లక్షుమమ్మ కాలు లాక్కుంది. అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆమెకు.

"వాపొస్తే కోసి తియ్యాల్సొస్తాది పిన్నమ్మా. ఇప్పుడు తీస్తే మళ్ళా పెట్టుకోవచ్చు" అంది సువార్త.

ఓబులేసు అవతలి చివర నుంచి వచ్చాడు. ఆయన మొహంలో రక్తం లేదు. పక్క ఊళ్ళో మంత్రం వేసే ముసలాయన ఉన్నాడు, వాళ్ళ నాయనను ఆయనే బతికించినాడు, ముందు అక్కడికి పోదామన్నాడు. ఇద్దరు ముగ్గురు అవునన్నారు. ఇంకొకరు పామును వెతికి కొట్టాలన్నారు. సువార్త ఎవరితోనూ వాదించలేదు. లక్షుమమ్మ వైపే చూసింది.

లక్షుమమ్మ మెట్టెలు తనే తీసి భర్త చేతిలో పెట్టింది. "పాప చెప్పినట్ల ఆస్పత్రికి పోదాం" అంది.

ఓబులేసు బండి తాళం తిప్పలేకపోయాడు.  సువార్త తాళం తీసుకుని ముందు తను కూర్చుని, మధ్యలో లక్షుమమ్మను, వెనక ఆయనను కూర్చోబెట్టింది. వెనక సువార్త స్కూటీ నేను నడిపాను. తెనాలి రోడ్ల మీద తప్ప ఎక్కడా నడపలేదు. ఆ బండ్ల బాటలో రెండుసార్లు పక్కకు ఒరిగాను, పడలేదు. ముందు బండి మీద సువార్త ఏదో అడుగుతూనే ఉంది, లక్షుమమ్మ జవాబు చెబుతూనే ఉంది. ఆ తల ఊగినంతసేపూ నాకు ధైర్యంగా ఉంది.

ఇరవై నిమిషాలు

ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ ఒకరు. మమ్మల్ని చూడగానే పక్కన ఉన్నవన్నీ వదిలేసి వచ్చింది. అప్పటికే పాదం చీలమండ దాకా ఉబ్బింది. ఒక శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, గోడ పక్కన స్టాండులో నిలబెట్టింది. ఇరవై నిమిషాలు ఎవరూ దాన్ని కదపకూడదు. తర్వాత వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టి ఉంటే సరే. నీళ్ళలా జారితే విషం లోపలికి పోయినట్టు.

నేను ఆ గొట్టం ఎదుట కూర్చున్నాను. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఈ ఒక్క వాక్యం ఎన్ని వందల మంది పిల్లలతో బట్టీ పట్టించానో. రెండు మార్కుల ప్రశ్న. దాని ఎదుట ఇరవై నిమిషాలు కూర్చోవాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. ఓబులేసు నా పక్కనే నిలబడి, గడ్డ కట్టినాదా అని మూడుసార్లు అడిగాడు. తెలియదు అన్నాను.

డాక్టరమ్మ వచ్చి గొట్టం వంచింది. రక్తం సిరాలా జారి అంచుదాకా వచ్చింది.

వెంటనే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మొదటి పావుగంటలో లక్షుమమ్మకు వణుకు, ఒళ్ళంతా దద్దుర్లు. డాక్టరమ్మ సెలైను ఆపి, ఇంజెక్షను ఇచ్చి, కాసేపాగి మళ్ళీ మెల్లగా వదిలింది. అంతా అయ్యాక ఇక ఆరు గంటలు ఎదురుచూడాలంది. సువార్త నన్ను బయటికి తీసుకెళ్ళి బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జి తినిపించింది. నాకు రుచి తెలియలేదు. నేను నీకు తప్పు నేర్పాను అన్నాను.

"పుస్తకంలో ఉన్నదే చెప్పినారు మేడం. భయపడకుండా చూడమని నేర్పింది కూడా మీరే గదా" అంది. అంతకు మించి ఆ సంగతి ఎత్తలేదు.

సాయంత్రం నాలుగు దాటాక మళ్ళీ రక్తం తీశారు. మళ్ళీ ఇంకో గొట్టం, అదే గోడ, అదే ఇరవై నిమిషాలు. ఈసారి వార్డులో ఉన్నవాళ్ళంతా స్టాండు వైపే చూస్తున్నారు. పక్క మంచం ముసలాయన కూడా దగ్గు ఆపుకున్నాడు. డాక్టరమ్మ గొట్టం వంచింది. ఇంకా వంచింది. పూర్తిగా తలకిందులు చేసింది. ఎర్రటి ముద్ద అడుగున అంటుకుని, కదలకుండా ఉండిపోయింది.

డాక్టరమ్మే ముందు నవ్వింది. ఓబులేసు గోడకు చేరగిలబడి అలాగే నేల మీదికి జారి కూర్చున్నాడు. లక్షుమమ్మ కళ్ళు తెరిచి, ఆకలైతాంది అంది.

వార్డులో రెండు రోజులు

సెలవు పొడిగించమని ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాను. ఆ రెండు రోజులూ లక్షుమమ్మ మంచం చుట్టూ ఊరు ఊరంతా ఉంది. పాదం ఆనపకాయలా ఉంది గానీ మాట మాత్రం ఎక్కడా తగ్గలేదు. వచ్చినవాళ్ళంతా తలా ఒక పురుగు కథ చెప్పారు. ఒకాయనకు గడ్డివాములో ముట్టింది, ఒకామె బావమరిదికి నీళ్ళ మోటారు దగ్గర. మంత్రంతో ఆలస్యం చేసి మనిషిని పోగొట్టుకున్న ఇల్లూ ఉంది. అది చెప్పినామె ఏడవలేదు. ఓబులేసు చెయ్యి పట్టుకుని, మంచి పని చేసినావు నాయనా అంది. నేను చర్చిలో చెప్పిన పాఠం కంటే ఆ ముక్క ఎక్కువ మందికి ఎక్కింది.

రెండో రోజు ఓబులేసు గిద్దలూరు బజారులో మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు రెండు జతలు కొనుక్కొచ్చాడు. ఇంకా కాలు నేల మీద మోపలేని భార్య మంచం కింద వాటిని వరసగా పెట్టాడు. ఈ బూట్లతో నన్ను పోలీసును చేసేటట్టుండాడు అంది లక్షుమమ్మ. వార్డంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆయన నవ్వు అప్పుడే చూశాను.

మిగిలిన చేను

ఆరో రోజు పొద్దునే లక్షుమమ్మను ఇంటికి పంపారు. ఇంటికి పోకుండా ఆటోను నేరుగా చేనికి పొమ్మంది. కోత సగంలో ఆగిపోయింది కదా, ఎవరన్నా చూసినారో లేదో అని. చూస్తే అక్కడ పదిమంది ఉన్నారు. చర్చి వాళ్ళు, కాపులు, పిలవకుండానే వచ్చి కోస్తున్నారు. ముందు ఇద్దరు పొడుగాటి కర్రలతో ఆకును తడుతూ పోతుంటే వెనక మిగతావాళ్ళు కోస్తున్నారు. ఆ రోజు చర్చిలో నేను చెప్పలేకపోయిన జవాబు వాళ్ళే వెతుక్కున్నారు. ఒకామె తన మొగుడి షూ వేసుకుంది. అడుగడుక్కీ జారిపోతున్నాయి.

లక్షుమమ్మను గట్టు మీద గోనెసంచులు వేసి, కాలు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. నేను ఆమె బూట్లు వేసుకుని, ఆమె కొడవలి అడిగి తీసుకుని ఒక సాలు పట్టాను. పది మొక్కలు కోసేసరికి అరచెయ్యి బొబ్బ కట్టింది. పక్క సాలులో పిల్ల నన్ను దాటి ఎప్పుడో పోయింది. అయినా ఇన్నేళ్ళలో ఇంత హాయిగా ఏ పొద్దూ గడవలేదు నాకు.

కర్రతో తడుతున్నతను చప్పున ఆగాడు. అందరం ఆగాం. కోయని కంది లోంచి రక్తపింజర బయటికి వచ్చింది. బారెడు పొడవు, వీపు మీద గొలుసు కట్టినట్టు మూడు వరసల మచ్చలు. ఎండలో ఒక్కో పొలుసూ కనబడుతోంది. మొన్నటిదో వేరేదో ఎవరికీ తెలియదు. అది కోసిన నేల మీద తొందర లేకుండా పాకుతోంది. ఓబులేసు కర్ర పైకెత్తాడు. ఎత్తి, గట్టు వైపు చూశాడు. అందరం అటే చూశాం.

లక్షుమమ్మ చెయ్యి ఉబ్బిన కాలి మీద ఉంది.

"దాని దావన అది పోతాంది. పోనీండి" అంది.

ఓబులేసు కర్ర దించాడు. అది వాగు ఒడ్డున రాళ్ళ పొదల్లోకి పూర్తిగా దూరేదాకా అందరం నిలబడే ఉన్నాం.  తర్వాత కర్రలతో తట్టడం మళ్ళీ మొదలైంది.

నేను ఇంకా ఆ పొదల వైపే చూస్తుంటే గట్టు మీంచి పిలిచింది లక్షుమమ్మ.

"మేడమ్మా, నీ సాలులో మొదుళ్ళు ఎత్తుగా మిగిలిపోతాండాయి. ఇంకా కిందికి వంగి కొయ్యాల."

వంగాను.